పటం వేశారు సరే, కింద పట్టీ ఎందుకు కోశారు?

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో సోవియట్ కాలపు బొమ్మల మ్యాపుల మీద ఒక పేజీ మొత్తం కేటాయించారు, అందుకు ముందుగా థాంక్స్ చెప్పుకోవాలి. సినిమా కబుర్లు ఉండాల్సిన చోట కాస్పియన్ సముద్రం కనబడితే నాలాంటి వాడికి పండగే. ఆ పూట మిగతా పేజీలు తిరగెయ్యలేదు, భూతద్దం తెచ్చుకుని కూర్చున్నాను. నా బాధ అక్కడే మొదలైంది. కాస్పియన్‌కీ నల్లసముద్రానికీ మధ్యనున్న కాకసస్ ప్రాంతపు మ్యాపు కింది భాగం మీ పేజీలో లేదు. ఏ గుర్తుకు ఏమిటి అర్థమో చెప్పే పట్టీ అక్కడే ఉంటుంది, దాన్ని సరిగ్గా మొదటి వరస మధ్యలో కోసేశారు. గుర్తుల తలకాయలు మాత్రం కనబడుతున్నాయి, మొండేలు లేవు. ఎడమ మూల కూడా పోయింది. ఆ చోటులో ఏం వేశారయ్యా అంటే, ఎర్రరంగు పూసి మీ హెడ్డింగు.

నేను ముప్పై రెండేళ్లు డ్రాఫ్ట్స్‌మన్‌గా పని చేసి రిటైరైన వాణ్ణి. కంప్యూటర్లు రాకముందు ట్రేసింగ్ క్లాత్ మీద ఇండియన్ ఇంకుతో గీసిన తరం. తప్పు పడితే బ్లేడుతో గీకి, గోటితో నున్నగా రుద్ది, మళ్లీ దాని మీదే గీత లాగాలి, చెయ్యి వణికిందా రోజంతా చేసిన పని గంగపాలు. అందుకని చేత్తో గీసిన పటాన్ని ఎవరైనా 'ముచ్చటైన బొమ్మ' అని ఒక్క మాటలో తేల్చేస్తే నాకు మనసొప్పదు. మీ వ్యాసంలో ఆ మాట నాలుగుసార్లు వచ్చింది, లెక్కపెట్టాను.

ముచ్చటగా లేదని నేననను. ఆ చమురు డెరిక్కులనే, అంటే బావి మీద నిలబెట్టే ఎత్తైన చట్రాలనే చూడండి. ఒక్కోటి ఆరేడు కలం గీతలు, అంతే. రెండు వాలు గీతలు పైన కలుసుకుంటాయి, మధ్యలో అడ్డంగా రెండు, వాటి సందున ఒక ఇంటూ మార్కు. అజర్‌బైజాన్ రాజధాని బాకు ఉన్న అబ్షెరాన్ ద్వీపకల్పం మీద అలాంటివి ఇరవై దాకా ఉన్నాయి, బస్సులో నిలబడ్డ జనంలాగా ఒకదాన్నొకటి తోసుకుంటూ. బాకు అన్న పేరు పక్కన చోటు చాలక, మొదటి అక్షరానికి ఆనుకున్న డెరిక్కును గీసిన మనిషి కాస్త కుడికి వంచాడు. మామూలు కంటికి ఆనదు, భూతద్దంలో తెలుస్తుంది. అంటే పేరు ముందు రాశాడు, బొమ్మ తర్వాత గీశాడు. మేమూ అంతే చేసేవాళ్లం, అక్షరం కదలదు, బొమ్మే సర్దుకోవాలి.

ఇంకోటి గమనించారా? ఆ ఇరవైలో కొన్ని డెరిక్కులు నల్లగా నింపి ఉన్నాయి, కొన్ని బోలుగా ఉన్నాయి. కాస్పియన్ తూర్పు ఒడ్డున, పైన ఎంబా అనే చమురు ప్రాంతం దగ్గర ఉన్నవి దాదాపు అన్నీ బోలువే. పంచవర్ష ప్రణాళిక రోజుల పటాల్లో ఇప్పటికే ఉన్నదానికి ఒక గుర్తు, కడుతున్నదానికో కట్టబోయేదానికో ఇంకో గుర్తు పెట్టడం మామూలు. ఇక్కడా అంతేనా, లేక నలుపు అంటే చమురు, బోలు అంటే గ్యాసా, లేక పాత బావులూ కొత్త బావులూనా? అది చెప్పేది పట్టీ ఒక్కటే, మీరు కోసింది దాన్నే. ఉన్నదేదో, ఉండబోతోందని అనుకున్నదేదో విడదీసి చూపించే తాళంచెవి అది. ఇల్లు చూపించి తాళంచెవి దాచినట్టయింది. నా ఉత్తరం మొత్తానికి సారం ఇదే, మిగతాది ఎందుకు రాస్తున్నానంటే ఈ సంగతి చిన్నదిగా కొట్టి పారేస్తారేమోనని.

పటం కింద మీరు '1920ల నాటిది' అని వేశారు. కాదండీ. నాకు రష్యన్ భాష రాదు, కానీ మాస్కోలో అచ్చయి తెలుగులో వచ్చే పుస్తకాల పిచ్చి పట్టిన రోజుల్లో ఆ అక్షరాలు నేర్చుకున్నాను, ఊళ్ల పేర్లు కూడబలుక్కుని చదవగలను. మీ పటంలో జార్జియా రాజధాని టిఫ్లిస్ అని ఉంది. అది అధికారికంగా త్బిలిసీ అయింది 1936లో, కాబట్టి పటం అంతకు ముందుది. అజర్‌బైజాన్‌లో గాంజా అని ఉంది. 1934 డిసెంబరులో సోవియట్ నాయకుడు కీరవ్ హత్య జరిగాక మరుసటేడు ఆ ఊరికి కీరవాబాద్ అని పేరు పెట్టారు, కాబట్టి ఇంకాస్త వెనక్కి వెళ్లాలి. పైన చెచెన్ ప్రాంతానికీ ఇంగుష్ ప్రాంతానికీ మధ్య సన్నటి చుక్కల గీత ఉంది, ఆ రెండు ప్రాంతాలనూ 1934 జనవరిలో ఒకటి చేశారు. సరే, ఇటు హద్దు దొరికింది. మరి అటు హద్దు? వ్లాదికవ్‌కాజ్ అనే ఊరి పేరు ఉండాల్సిన చోట ఆర్జొనికిద్జె అని రాసి ఉంది. ఆ పేరు 1931లో పెట్టారు. అంటే 1931కీ 1934 మొదటికీ మధ్యలో ఎక్కడో మన పటం పుట్టింది.

ఇక్కడ ఒక అనుమానం రావాలి, నాకూ వచ్చింది. పాత పటం మీద పేర్లు మాత్రం దిద్ది మళ్లీ అచ్చేసే అలవాటు ఎక్కడైనా ఉండేదే, నేనే బోలెడు చేశాను. అందుకని పేర్లు వదిలేసి గీతలు చూశాను. చెచెన్ ప్రాంతపు చమురు ఊరు గ్రోజ్నీ నుంచి నల్లసముద్రం ఒడ్డున తుఅప్సే దాకా ఒక జంటగీత వెళ్తోంది, అది పైప్‌లైన్. కొండల బొమ్మలు ఆ గీతకు దారిచ్చి పక్కకి జరిగి ఉన్నాయి, తర్వాత ఇరికించినట్టు లేదు. ఆ పైప్‌లైన్ పూర్తయింది 1928లో. బాకు నుంచి నల్లసముద్రపు రేవు బతూమీ దాకా కూడా ఇంకో జంటగీత ఉంది కానీ దాన్ని సాక్ష్యానికి పిలవకూడదు, ఎందుకంటే 1930లో ముడిచమురు పైపు రాకముందే, 1907కల్లా ఆ దారిన కిరసనాయిలు పైపు ఒకటి వేసి ఉంది. గ్రోజ్నీ గీత చాలు. గీసింది కూడా 1920ల చివరికన్నా ముందు కాదు.

పదేళ్లు అటూ ఇటూ అయితే ఏమైంది అంటారా? ఈ పటానికి చాలా అయింది. 1920 ఏప్రిల్ 28న ఎర్రసైన్యం బాకులోకి వచ్చింది, మే నెలలో చమురు పరిశ్రమను జాతీయం చేశారు. అంతర్యుద్ధం దెబ్బకి 1921 నాటికి ఉత్పత్తి ఇరవై ఏళ్ల కిందటి లెక్కలో నాలుగో వంతుకు అటూ ఇటూగా పడిపోయి ఉంది. ఆ రోజుల్లో ఎవరైనా పటం గీస్తే అది కూలిన ఇంట్లో మిగిలిన సామాన్ల లెక్కలా ఉండేది. 1931 నాటికి కథే వేరు. దేశం మొత్తం మీద 1928లో 1.16 కోట్ల టన్నులున్న చమురు 1932కల్లా 2.14 కోట్ల టన్నులైంది. బాకు వాళ్లు అయిదేళ్ల ప్రణాళికను రెండున్నరేళ్లలో ముగించామని ప్రకటించుకున్నారు, లెనిన్ ఆర్డర్ అనే ప్రభుత్వ పతకం కూడా వచ్చింది. మీ పటంలో సముద్రం మీద పొగలు కక్కుతూ పోతున్న ట్యాంకరు, రైలుపట్టాల మీద చీమల బారులా నల్లటి ట్యాంకు వ్యాగన్లు, ఆ ఊపంతా ఆ రోజులదే. '1920లు' అని రాస్తే ఆ బొమ్మకి వేరేవాళ్ల జాతకం అంటగట్టినట్టు.

ఇక వ్యాసంలో రెండు మాటలు నాకు గుచ్చుకున్నాయి. ఒకటి, సోవియట్లు వచ్చేదాకా అదంతా 'ఉప్పునేల, నిర్మానుష్యం' అన్నది. ఈ మాట మీ రచయిత సొంతం కాకపోవచ్చు, పటమే అలా నమ్మిస్తుంది. ఖాళీ ఇసుక రంగు నేల మీద నిటారుగా డెరిక్కులు నిలబెడితే అవి నిన్న మొలిచినట్టే కనబడతాయి మరి. నిజానికి అబ్షెరాన్‌లో చేత్తో తవ్విన చమురు బావులు కొన్ని వందల ఏళ్ల నుంచి ఉన్నాయి. బాకు పక్కన బాలఖానిలో దొరికిన ఒక రాతి మీద 1594 నాటి శాసనం ఉంది, 35 మీటర్ల లోతు బావి, తవ్వించిన మేస్త్రీ పేరుతో సహా. 35 మీటర్లు! నీళ్లబావి కాదు, కింద గ్యాసు. మనిషిని తాడు కట్టి దించాలి, ఊపిరాడకపోతే లాగెయ్యాలి.

రెండోది, ప్రపంచంలో మొదటి చమురు బావి 1859లో అమెరికాలో డ్రేక్ అనే ఆయన వేశాడని రాశారు. ఆయన గొప్పతనం ఆయనదే. కానీ బాకు పక్కన బీబీ హేబత్‌లో 1840ల్లోనే తవ్వకుండా బోరు వేసి చమురు చూశారు. తమాషా ఏమిటంటే ఆ బోరు లోతు 21 మీటర్లు, డ్రేక్ బోరు లోతూ దాదాపు అంతే. మరి పేరు ఆయనకెందుకు వచ్చింది అంటే, అక్కడ బోరు పడగానే జనం ఎగబడ్డారు, ఇక్కడ పడిన బోరు పడినట్టే ఉంది. జార్ ప్రభుత్వం చమురు నేలను కొద్ది ఏళ్ల చొప్పున ఒక్కరికే కౌలుకిచ్చేది. కౌలుదారు సంగతి తెలిసిందేగా, నాలుగేళ్లలో వదిలెయ్యాల్సిన భూమిలో ఎవడు పెట్టుబడి పెడతాడు? 1872లో ఆ పద్ధతి తీసేసి నేలను వేలం వేశారు. అప్పుడు లేచింది బాకు. మరుసటేడే, నోబెల్ బహుమతి ఆల్ఫ్రెడ్ నోబెల్‌కి అన్న అయిన రాబర్ట్ నోబెల్ తుపాకి మడమలకి వాల్‌నట్ చెక్క కొనడానికి ఆ వైపు వచ్చాడు, చెక్క సంగతి మర్చిపోయి ఒక రిఫైనరీ కొన్నాడు. 1901 వచ్చేసరికి ప్రపంచం మొత్తం తోడిన చమురులో సగం దాకా ఈ చిన్న ద్వీపకల్పం నుంచే వచ్చింది. నిర్మానుష్యం అంట!

పటంలో గీతలుగా కనబడే పైపుల వెనక కూడా మనుషులున్నారు. బాలఖాని బావుల నుంచి రిఫైనరీలున్న 'నల్ల పట్టణం' దాకా చమురును పీపాల్లో పోసి, పెద్ద చక్రాల బళ్ల మీద తోలేవాళ్లు. అదే వాళ్ల బతుకు. 1878లో నోబెల్ సోదరుల కోసం ఇంజనీరు వ్లదీమిర్ షూఖొవ్ ఆ దారిలో పైపు వేశాడు, పొడవు దాదాపు 10 కిలోమీటర్లు. బళ్లవాళ్లు ఊరుకుంటారా, పైపు మీద పడ్డారు, యజమానులు దారి పొడుగునా కాపలా బురుజులు కట్టుకోవాల్సి వచ్చింది. మీ పటంలో ఆ చోట పొడవు కొలిస్తే నా చిటికెన వేలి గోరంత కూడా లేదు.

డెరిక్కు అన్న గుర్తు కింద ఏం జరిగేదో ఒక్కసారి చెప్పనివ్వండి, ఎందుకంటే నేను కూడా చాలాకాలం అక్కడ పంపు ఉండేదనే అనుకున్నాను. పాత బాకులో పంపులు నిలిచేవి కాదు. చమురుతో పాటు సన్నటి ఇసుక వచ్చేది, పంపును అరగదీసేసేది. అందుకని చేద వేసేవాళ్లు. చేదంటే మనం నూతిలో వేసే గుండ్రటి చేద కాదు. బోరు గొట్టంలో దూరాలి కాబట్టి మనిషి నిలువుకి రెండు మూడింతలుండే సన్నటి ఇనప గొట్టం, అడుగున తలుపులా తెరుచుకునే మూత. తాడు కట్టి వదిలితే అడుగుకి తగలగానే మూత తెరుచుకుని చమురు లోపలికొస్తుంది, పైకి లాగితే బరువుకి మూసుకుంటుంది. లాగు, వంచు, మళ్లీ వదులు. పగలూ రాత్రీ అదే పని. డెరిక్కు అంత ఎత్తు ఎందుకంటే ఈ పొడుగాటి చేద మొత్తం బయటికి రావాలి, బోరు వేసేటప్పుడు రాడ్లూ అంతే. అప్పటి బాకు డెరిక్కులు చెక్కతో కట్టినవి, చాలావాటికి చుట్టూ పలకలు కొట్టేవాళ్లు, దూరం నుంచి చూస్తే కిటికీలు లేని గోపురాల్లా ఉండేవి. 1920ల్లో సోవియట్ వాళ్లు అమెరికన్ కంపెనీ బార్న్‌స్‌డాల్‌తో ఒప్పందం చేసుకుని గిర్రున తిరుగుతూ బోరు వేసే రోటరీ యంత్రాలు తెచ్చారు, బావుల్లోకి పంపులు దించారు. మీ పటంలో డెరిక్కులకి పలకలు లేవు, ఇంటూ మార్కులు బయటికి కనబడుతున్నాయి. గీసిన మనిషి పాత గోపురాలు వదిలేసి కొత్త రకాన్నే గీశాడు. తెలిసే చేశాడనుకుంటాను.

బాకు పక్కనే సూరఖాని దగ్గర నాలుగు డెరిక్కులున్నాయి చూడండి, అన్నీ నల్లగా నింపినవే. అక్కడ డెరిక్కులకన్నా ముందు ఒక గుడి ఉంది, ఆతేష్‌గా అంటారు, అంటే నిప్పు ఉండే చోటు. నేలలోంచి గ్యాసు పైకొచ్చి మండుతుంటే దాని చుట్టూ కట్టుకున్న గుడి. ముల్తాన్ వైపు నుంచి, ఇంకా పైనుంచి వచ్చిన వర్తకులూ సాధువులూ అక్కడ ఉండేవాళ్లు, గోడల మీద నాగరి, గురుముఖి లిపుల్లో శాసనాలున్నాయి. ఒకటి 'శ్రీ గణేశాయ నమః' అని మొదలవుతుంది, సంవత్ 1802, అంటే 1745 ప్రాంతం. ఆ గోడ పక్కనే 1859లో కొకొరెవ్ అనే వ్యాపారి కిరసనాయిలు ఫ్యాక్టరీ పెట్టాడు, 1863లో సలహా కోసం మెండెలీవ్‌ని పిలిపించాడు. ఆయనే, మూలకాల పట్టిక మెండెలీవ్. గణేశుడికీ మెండెలీవ్‌కీ ఒకే ప్రహరీ! తర్వాత చుట్టూ గ్యాసు తోడేసరికి 1969లో గుడిలో మంట దానంతటదే ఆరిపోయింది, ఇప్పుడు పైపు వేసి వెలిగిస్తున్నారు. పటంలో గుడి లేదు. ఒంటెలున్నాయి, దానిమ్మ కాయలున్నాయి, సముద్రంలో ఇంత పెద్ద చేప కూడా ఉంది, గుడి మాత్రం లేదు. గీసినవాణ్ణి తప్పు పట్టను, వాడికి చెప్పిన పని పరిశ్రమ. కానీ ఏం గీశారో చూసినప్పుడు ఏం గియ్యలేదో కూడా మీ వ్యాసం ఒక్క వాక్యం చెప్పి ఉంటే బాగుండేది.

ఈ గియ్యకపోవడం సంగతిలో అన్నిటికన్నా బరువైనది గ్రోజ్నీ. అక్కడ 1893లో బోరు వేస్తే చమురు ఎగజిమ్మింది, అప్పట్నుంచి అది బాకు తర్వాత పెద్ద చమురు ఊరు. మీ పటంలో గ్రోజ్నీ మీద అయిదు డెరిక్కులు, పక్కన వంపుగా 'చెచెన్' అని ప్రాంతం పేరు. 1944 ఫిబ్రవరిలో స్టాలిన్ హుకుంతో చెచెన్లనూ ఇంగుష్‌లనూ, దాదాపు 5 లక్షల మందిని, రైలు పెట్టెల్లో కుక్కి కజకిస్తాన్, కిర్గీజియాలకు తోలేశారు. మార్చికల్లా వాళ్ల రిపబ్లిక్కే రద్దు, ఆ నేలకి 'గ్రోజ్నీ ప్రాంతం' అని పేరు. ఇప్పుడు ఆలోచించండి, ఆ ఏడాది తర్వాత ఒక డ్రాఫ్ట్స్‌మన్ ఇదే పటాన్ని దిద్దడానికి కూర్చుంటే ఏం చెయ్యాలి? బ్లేడు తీసుకుని ఆ వంపు తిరిగిన పేరు గీకెయ్యాలి. డెరిక్కుల జోలికి పోనక్కర్లేదు, అవి అక్కడే ఉంటాయి. 1957లో ఆ జనం తిరిగి రావడం మొదలయ్యాక పేరు మళ్లీ రాయాలి. గీకిన చోట ఇంకు కాస్త పాకుతుంది, ఎంత రుద్దినా పాకుతుంది. నేను గీకినవి రోడ్లూ కాలవలూ, అవే నాకు గుర్తున్నాయి.

అదే పేజీలో కింద చిన్నగా వేసిన రెండో పటం సంగతి కూడా చెప్పాలి. రష్యా ఉత్తరాన కోమి ప్రాంతపు అడవులు, దేవదారు చెట్లు, రెయిన్‌డీర్ బండి, చెట్ల మధ్య ఒకే ఒక్క డెరిక్కు, పక్కన ఉఖ్తా అని పేరు. దాని కింద మీరు పెట్టిన వాక్యం 'మంచు అడవిలో చమురు సంబరం'. ఎవరు రాశారో గానీ, ఆ డెరిక్కు నిలబెట్టింది ఖైదీలు. 1929లో ఓజీపీయూ, అంటే అప్పటి రహస్య పోలీసు, ఖైదీలతో ఒక దండును ఆ అడవిలోకి పంపింది. వాళ్లలో కూలిపని చేసేవాళ్లే కాదు, పేరున్న శాస్త్రవేత్తలూ ఉన్నారు. నికొలాయ్ తీఖొనొవిచ్ అని, అంతకు ముందు ఎంబాలో చమురు వెతికిన భూగర్భ శాస్త్రజ్ఞుడు, ఉఖ్తాలో ఖైదీగానే చమురు వెతికాడు. ఆ పక్కనే యరేగాలో చమురు జిగటగా ఉండి బోరులోంచి రాకపోతే, 1939 నుంచి బొగ్గుగనిలాగా లోపలికి దిగి సొరంగాలు తవ్వి తీశారు. పటంలో ఉఖ్తా డెరిక్కూ బాకు డెరిక్కూ ఒకే కొలత, ఒకే ఆరేడు గీతలు. ఒకదాని వెనక ఏటా కోటి టన్నులు దాటిన ఊరు, ఇంకోదాని వెనక ముళ్లకంచె. గుర్తుకి ఆ తేడా తెలీదు. మనం చెప్పాలి, లేకపోతే కనీసం 'సంబరం' అనకుండా ఉండాలి.

ఇలాంటి పటాలు అబద్ధాలా అని మీ వ్యాసం చివర ఒక ప్రశ్న వేసి వదిలేశారు. అబద్ధమా నిజమా అని తూచడం అంత సులువు కాదు. సోవియట్ దేశంలో పటాల శాఖను 1935లో హోంశాఖ లాంటి ఎన్‌కేవీడీ కిందికి తెచ్చారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు జనానికి అమ్మే పటాల్లో నదులూ రోడ్లూ ఊళ్లూ కావాలనే కాస్త పక్కకి జరిపి గీశారు, ఈ మాట నేను అనడం లేదు, 1988లో ఆ దేశపు పటాల శాఖ పెద్ద విక్తర్ యాషెంకో స్వయంగా ఒప్పుకున్నాడు. సైన్యం దగ్గర మాత్రం వెంట్రుకవాసి తేడా లేని పటాలు ఉండేవి. ఆ లెక్కన చూస్తే బొమ్మల మ్యాపు కాస్త నిజాయితీ గలదనే నాకనిపిస్తుంది. స్కేలు లేదు, అక్షాంశాలు లేవు, దూరాలు కొలుచుకోమని ఎవరికీ చెప్పదు. ఒంటె సైజులో ఊరు, ఊరి సైజులో దానిమ్మకాయ, చూసిన పిల్లాడికి కూడా తెలుస్తుంది ఇది కొలత కాదని. దాని గొడవంతా ఒకటే, నువ్వు దేన్ని చూసి గర్వపడాలో చెప్పడం. ఇదే పనిని రాళ్లతో కూడా చేశారు. 1937 పారిస్ ప్రదర్శనకి రంగురాళ్లూ విలువైన రాళ్లూ పొదిగి దేశం మొత్తం పటం చేసి తీసుకెళ్లారు, పరిశ్రమల గుర్తులతో సహా. అది ఇప్పటికీ సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో భూగర్భ శాస్త్ర మ్యూజియంలో ఉంది.

పటం గర్వపడమన్నదల్లా గాలిమాట కూడా కాదు. బీబీ హేబత్ దగ్గర ఒడ్డు గీత మీ పటంలో గుండ్రంగా కాకుండా తిన్నగా కోసినట్టు ఉంది. చెయ్యి జారిందేమో అనుకున్నాను. కాదు, అక్కడ సముద్రాన్ని పూడ్చి నేల చేసి దాని మీద బావులు వేశారు. జార్ల కాలంలో మొదలైన ఆ పనిని పావెల్ పొతోత్స్కీ అనే ఇంజనీరు చూశాడు, చూపు పోయాక కూడా సోవియట్ రోజుల్లో అదే పని నడిపించాడు, చనిపోయాక ఆ పూడ్చిన నేలలోనే సమాధి చేశారు. ఒక కళ్లు లేని మనిషి చేసిన ఒడ్డును మన కళ్లున్న డ్రాఫ్ట్స్‌మన్ అంత శ్రద్ధగా తిన్నటి గీతగా గీశాడు చూడండి. ఈ ఒక్క గీత కోసం మీ పేజీ దాచుకున్నాను.

ఇంకో ఇరవై ఏళ్ల తర్వాతి పటం దొరికితే డెరిక్కులు నీళ్లలో నిలబడి ఉంటాయి. 1949లో ఒడ్డు నుంచి చాలా దూరంగా, సముద్రం మధ్యలో నెఫ్త్ దాష్లారీ అనే చోట చమురు పడింది. పునాదికి పాత ఓడలు తెచ్చి ముంచారు. వాటిలో ఒకటి 'జొరాస్టర్', 1878లో రాబర్ట్ తమ్ముడు లుద్విగ్ నోబెల్ కట్టించిన ట్యాంకరు, పీపాలు లేకుండా చమురును ఓడ లోపలి ఇనప ట్యాంకుల్లోనే పోసుకుపోయిన తొలి ఓడల్లో అదొకటి. ఆ పటం ఎక్కడైనా కనబడితే దయచేసి వెయ్యండి, పట్టీతో సహా.

అడిగేది ఒక్కటే. ఈ కాకసస్ పటాన్ని ఇంకోసారి వెయ్యండి, ఈసారి అడ్డంగా, రెండు పేజీల మీద పరిచి, కింద పట్టీ మొత్తం కనబడేలాగా. హెడ్డింగు పైన తెల్ల కాగితం మీద పెట్టుకోండి, ఎవరూ ఏమీ అనుకోరు. ఎడమ మూల కూడా వదలకండి. మీరు కోసిన చోట అంచున ఒక అక్షరం సగం, దాని పక్కన చుక్క, తర్వాత ఇంకో అక్షరం తోక కనబడుతున్నాయి. మేం కూడా గీసినవాళ్ల పొడి అక్షరాలు అక్కడే, అంత చిన్నగానే వేసేవాళ్లం.

ఇట్లు,
మీ పాఠకుడు, రిటైర్డ్ డ్రాఫ్ట్స్‌మన్